పెద్ద పన్నెండులో కుంట లేదు

మిల్ లేన్, థెల్‌బీ,
నార్ఫోక్.
అక్టోబరు 27, సోమవారం.

చిరంజీవి తమ్సిన్‌కు,

నానమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని రాయాలంటే నా ఎడమ మోకాలినీ నల్లకోడినీ లెక్కలోంచి తీసెయ్యాలి. మోకాలు చలికి మొరాయిస్తోంది. నల్లకోడి సెప్టెంబరు పదకొండు నుంచి గుడ్డు పెట్టడం మానేసింది. మిగతా వాళ్ళం బాగున్నాం. నీ ఉత్తరం పడవ ఆలస్యమై తొమ్మిది రోజులకు చేరింది. దీవిలో గాలి ఆగిపోయిన రోజు చెవులకు ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుందని రాశావు. ఆ వాక్యం బాగుంది. కానీ ఉత్తరం మీద తేదీ వెయ్యలేదు. పక్షులను లెక్కపెట్టే ఉద్యోగంలో ఉన్న పిల్ల తేదీ మరిచిపోకూడదు.

ఇక నీ ప్రశ్నలు. డామ్సన్ పళ్ళు ఈ ఏడు విరగకాశాయి. పధ్నాలుగు సీసాల జామ్ అయింది, మూడు నీకు ఉంచాను. మీ నాన్న వారం విడిచి వారం ఆదివారం భోజనానికి వస్తూనే ఉన్నాడు. సన్నబడ్డావంటే లేదంటాడు. పిల్లికి తగ్గింది. నాలుగోది, మన పన్నెండెకరాల పొలం, అదే పెద్ద పన్నెండు, దున్నుతున్నప్పుడు మధ్యకు వచ్చేసరికి తాతయ్య ట్రాక్టరు ఎందుకు నెమ్మది చేసేవాడని అడిగావు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని చాలాసార్లు గమనించావట. అక్కడ ఒక కుంట ఉండేది తల్లీ. నువ్వు పుట్టడానికి ముప్పై ఏళ్ళ ముందు పూడ్చేశాం. జవాబు ఇంతే. ఇంత చిన్న జవాబును సెప్టెంబరులో నేను ఊరందరి ముందు కాదన్నాను. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

నువ్వు వేసవంతా అక్కడే ఉన్నావు కాబట్టి మొదటి నుంచి రాస్తాను. మన జిల్లాలో ప్రకృతిని మళ్ళీ కోలుకునేలా చెయ్యడానికి ఒక ప్రణాళిక తయారవుతోంది. ఒకప్పుడు ఎక్కడ కుంటలుండేవో, ఎక్కడ కంచెపొదలుండేవో, ఎక్కడ గడ్డినేలలు తడిగా ఉండేవో ప్రతి ఊరూ పటం మీద గుర్తించి పంపాలి. వాటిలో తిరిగి తేగలిగినవి ఏవో జిల్లా వాళ్ళు చూస్తారు. మన ఊరు కుంటలు ఎంచుకుంది. పూర్వం పొలాలకు చల్లడానికి సున్నపుమట్టి తవ్విన గోతులే ఇక్కడి కుంటలు. మా పెళ్ళినాటికి ప్రతి రెండు పొలాలకూ ఒకటి ఉండేది. తర్వాత పెద్ద యంత్రాలు వచ్చాయి, కుంటలు అడ్డమయ్యాయి, కంచెపొదలను పీకి వాటిలో తోసి పైన మట్టి కప్పేశారు.

జిల్లా నుంచి ఫ్రేయా అనే అమ్మాయి వస్తోంది, నీ వయసే. వాటిని దెయ్యపు కుంటలు అంటుంది. పూడిన కుంటలు అనమని రెండుసార్లు దిద్దాను. వినలేదు. కానీ ఆ పిల్ల చెప్పిన ఒక సంగతి నన్ను వదల్లేదు. కుంటను పూడ్చినప్పుడు అడుగున ఉన్న నల్లటి బురద చచ్చిపోదట. అందులో నీటిమొక్కల విత్తనాలు చీకట్లో, తడిలో, ఊపిరి బిగబట్టినట్టు పడి ఉంటాయట. వంద ఏళ్ళయినా సరే, మట్టి తీసి వెలుతురు సోకనిస్తే కొన్ని లేస్తాయట. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే రోడ్డుకు రెండు పక్కలా పొలాల కింద నీళ్ళు నిద్రపోతున్నాయనిపించింది. గట్టిగా అడుగు వేస్తే మేలుకుంటాయేమోనని మెల్లగా నడిచాను. నవ్వకు.

నా గది కిటికీలోంచి పెద్ద పన్నెండు కనిపిస్తుంది కదా. జూలైలో పొలమంతా బంగారు రంగుకు తిరిగాక, మధ్యలో గుండ్రంగా ఒక చోట మాత్రం బార్లీ ఇంకో వారం పచ్చగా ఉండిపోతుంది. గాలి వీచినప్పుడు అల ఆ చోటు దాకా ఒకలా వచ్చి, అక్కడ ఇంకోలా నడుస్తుంది. యాభై ఏడు వేసవులు ఆ పచ్చ గుండ్రాన్ని చూశాను. ఒక్కోసారి అందులో ఆకాశం కనిపించేది. అక్కడ నీరు లేదని నాకు తెలుసు. అయినా కనిపించేది.

సెప్టెంబరు రెండున ఊరి హాల్లో సమావేశం జరిగింది. మినిట్సు నేనే రాస్తాను, ఇరవై రెండేళ్ళుగా. కుంటల జాబితా ఎలా ఉండాలో కూడా నేనే గీశాను. ఎక్కడ, ఎంత వెడల్పు, ఎప్పుడు పూడ్చారు, ఎవరు పూడ్చారు, ఎందుకు. చివరి గడి అక్కర్లేదని అధ్యక్షుడు కెరిసన్ గారు నసిగారు. పట్టుబట్టి ఉంచాను. చేసిన పని ఎందుకు చేశామో రాయలేని వాళ్ళు చెయ్యకుండా ఉండాల్సింది అని ఉపన్యాసం కూడా ఇచ్చాను. బడిలో ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠమే, అలవాటుగా వచ్చేసింది.

అప్పుడు క్లెమ్ లేచాడు. మీ తాతయ్య లెనార్డ్ దగ్గర పొలం పనిచేసిన క్లెమ్ తాతే. ఎనభై నాలుగేళ్ళు ఇప్పుడు.

"పెద్ద పన్నెండులో కూడా ఉండేది కదండీ కుంట," అన్నాడు. "లెనూ నేనూ పూడ్చాం. ఒకటిన్నర రోజు పట్టింది. రెండోనాడు వాన పడి బుల్డోజరు దిగబడింది కూడా."

కెరిసన్ గారు నా వైపు తిరిగి, "టీచరుగారూ, రాసుకుంటారా?" అన్నారు.

నా చేతిలో కలం ఉంది. ఎదురుగా చివరి గడి ఉంది. ఎందుకు అని.

"పెద్ద పన్నెండులో కుంట లేదు," అన్నాను. "క్లెమ్ చర్చి పొలం కుంటతో కలిపేసుకుంటున్నాడు."

"చర్చి పొలంది మా నాన్న పూడ్చాడు టీచరమ్మా, నేను కాదు."

"క్లెమ్, నా దగ్గర పుస్తకం ఉంది."

వెనక వరసలోంచి పోస్ట్‌మాన్ అందుకున్నాడు. "ముందు నీ కళ్ళజోడు ఎక్కడ పెట్టావో చెప్పు క్లెమ్, కుంట సంగతి తర్వాత." హాలంతా నవ్వింది. క్లెమ్ కూతురు డెనీస్ అతని చెయ్యి పట్టుకుని, "పోనీలే నాన్నా, కూర్చో," అంది. క్లెమ్ కూర్చున్నాడు. నా వైపు చూశాడు కానీ కోపంగా కాదు. తన ఇంటికి వచ్చి తలుపు తడితే లోపలి నుంచి ఎవరో కొత్తవాళ్ళు తీసినట్టు చూశాడు.

నా దగ్గర పుస్తకం ఉందన్నది నిజం. పెళ్ళయిన ఏడాది నుంచి మా పొలాల్లో ఏ పక్షి ఎప్పుడు వచ్చిందో, ఏ కుంటలో కప్పలు ఎప్పుడు గుడ్లు పెట్టాయో రాసిన పుస్తకం. ఊళ్ళో అందరూ దాన్ని నమ్ముతారు. అందులో పెద్ద పన్నెండు కుంట పేజీ లేదన్నదీ నిజమే. 1968లో నేనే చింపేశాను.

ఆ మాటే మినిట్సులో అలాగే ఎక్కించాను. నా దస్తూరీలోనే, పెద్ద పన్నెండులో కుంట లేదని.

సెప్టెంబరు ఇరవై అయిదున డెనీస్ మన ఇంటికి వచ్చింది. యాభై దాటినా నా ముందు ఇంకా మూడో తరగతి పిల్లలాగే కుర్చీ అంచున కూర్చుంటుంది.

"టీచర్, మీరొక సాయం చెయ్యాలి. నాన్న ఇప్పుడు ప్రతిదీ నన్ను అడుగుతున్నాడు. మనకు ఎర్ర ట్రాక్టరు ఉండేదా, నేను ఊహించుకున్నానా అంటాడు. మొన్న పొద్దున, మీ అమ్మ పోయిన మాట నిజమే కదా అన్నాడు. గుర్తు లేక కాదు టీచర్. గుర్తున్నదాన్ని నమ్మలేక."

"ఎప్పటి నుంచి?"

"ఆ సమావేశం తర్వాత నుంచే. డాక్టరు ఇలాంటి ఉదాహరణలు రాసి తెమ్మన్నారు. ఆ కుంట సంగతి మీరు రాసిస్తే బావుంటుంది. మీ మాటంటే డాక్టరు కూడా కాదనరు. పట్టణంలో వృద్ధుల హోమ్‌లో నవంబరు ఒకటికి గది ఖాళీ అవుతుందట. నేను పగలంతా పనికి పోతే ఆయన ఒక్కడే ఉంటున్నాడు, భయంగా ఉంది."

కాగితం తీసి తేదీ వేశాను. అక్షరాలు నా చేతికి ఎప్పుడూ ఎదురు తిరగలేదు, ఆ రోజు తిరిగాయి. సోమవారం ఇస్తానని చెప్పి పంపించాను. ఆ మూడు రోజులు నేను కిటికీ దగ్గరే ఉన్నాను. కోత అయిపోయిన పొలం, మీద పల్చటి మంచు. ఏ చోట కుంటో కనిపించలేదు. నేను చెప్పిన అబద్ధం నిజమైపోయినట్టు పొలమంతా ఒకే రంగులో ఉంది. క్లెమ్‌కు లోపల ఇలాగే ఉంటోందేమో అనిపించింది.

సోమవారం కాగితానికి బదులు నేనే వెళ్ళాను. క్లెమ్ వంటగదిలో బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. అలమరాల మీద డెనీస్ చీటీలు అంటించింది. కప్పులు. పంచదార. మందులు.

"ఏది ఎక్కడుందో నాకు తెలుసండీ," అన్నాడు నా చూపు కనిపెట్టి. "కానీ నేను అవి చదువుతూ ఉంటే పిల్లకు తృప్తి."

"క్లెమ్, కుంట ఉంది."

"ఏ కుంట?"

"పెద్ద పన్నెండులో."

కత్తి ఆగింది. "మీరు లేదన్నారు కదా."

"అబద్ధం చెప్పాను."

దుంపను నీళ్ళలో వేశాడు. "నెల్లాళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుని రోజూ ఆ కుంటను పూడుస్తున్నానండీ. ఒకరోజు లెన్ పక్కన ఉంటాడు. ఒకరోజు ఉండడు. నిన్నయితే అసలు నాకు బుల్డోజరు నడపడం వచ్చా అని అనుమానం వచ్చింది."

"నన్ను క్షమించు."

"అది తర్వాత చూద్దాం. ముందు హాల్లో చెప్పండి. ఇక్కడ చెబితే నాకొక్కడికే. రేపు నేను డెనీస్‌తో టీచరమ్మ వచ్చింది, కుంట ఉందని చెప్పింది అంటే, ఏమంటుందనుకున్నారు?"

ఏమంటుందో నాకు తెలుసు. ఇంకో చీటీ అంటిస్తుంది.

అక్టోబరు ఏడున సమావేశం మొదలవుతూనే కెరిసన్ గారు ఎప్పటిలాగే, "గత సమావేశం మినిట్సు సరిగ్గా ఉన్నట్టే కదా," అని సంతకానికి కలం తీశారు. అది అడగడం ఆనవాయితీ, అంతే. ఇరవై రెండేళ్ళలో నా మినిట్సులో ఒక్క కామా కూడా ఎవరూ మార్చలేదు.

"ఒక సవరణ ఉంది," అన్నాను.

"ఎవరిదండీ?"

"నాది."

లేచి చదివాను. పెద్ద పన్నెండులో కుంట ఉండేది, అరవై అడుగుల వెడల్పు. 1968 ఆగస్టులో లెనార్డ్, క్లెమ్ కలిసి పూడ్చారు. క్లెమ్ చెప్పినది అక్షరాలా నిజం. కెరిసన్ గారు మర్యాదస్తులు, గొంతు తగ్గించి, "పొరపాటున అన్నట్టు రాసుకుందామా టీచరుగారూ?" అన్నారు.

"కాదు. తెలిసే అన్నాను. అలాగే రాస్తాను."

"మరి చివరి గడి... ఎందుకు అన్నది?"

"నా కోరిక మీద పూడ్చారు. అంతవరకు రాస్తాను."

డెనీస్ నా వైపు చూడలేదు. వాళ్ళ నాన్న వైపు చూస్తోంది, నోరు కొంచెం తెరిచి. పోస్ట్‌మాన్ గొంతు సవరించుకుని, "క్లెమ్, కళ్ళజోడు గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా," అన్నాడు.

"అది మాత్రం నిజంగానే దొరకలేదురా," అన్నాడు క్లెమ్.

ఆ నవ్వులో నేను కూర్చోగలిగాను. మర్నాటి నుంచి దుకాణంలో ఇద్దరు ముగ్గురు నాతో మాట్లాడేటప్పుడు ఒక క్షణం ఆగుతున్నారు. ఆగాలి. అది న్యాయమే.

జిల్లా వాళ్ళు ముందుగా ఎంచుకున్న చర్చి పొలం కుంట తవ్వడానికి పొక్లెయిన్ ఎలాగూ వస్తోంది. పెద్ద పన్నెండుకు ఇంకొక్క రోజు అద్దె నేనే కట్టాను. పదహారో తేదీ, గురువారం. మంచు ఎంత దట్టంగా ఉందంటే పొక్లెయిన్ కనిపించక ముందే దాని చప్పుడు వచ్చింది. తర్వాత పసుపు రంగు చెయ్యి ఒకటి గాల్లోంచి కిందికి వాలింది. కిటికీలోంచి చూసే చోటు పొలంలో నిలబడితే దొరకదు. అందుకే నా లెక్క ప్రకారం గేటు స్తంభం నుంచి నూట నలభై గజాలు టేపు పెట్టి కొలిచి మేకు పాతాను. డ్రైవరు సన్నటి కాలువలా తవ్వాడు. పసుపు బంకమట్టి వచ్చింది. ఇంకా తవ్వాడు. ఇంకా పసుపే. నేను మళ్ళీ కొలిచాను. నూట నలభయ్యే.

క్లెమ్ మడత కుర్చీలో కోటు కప్పుకుని కూర్చుని ఉన్నాడు. "ఏ గేటు నుంచి కొలిచారు టీచరమ్మా?"

"ఉన్నదే ఒక గేటు కదా."

"ఇది డెబ్బై నాలుగులో పెట్టింది. కోత యంత్రం పట్టట్లేదని లెన్ జరిపించాడు. పాతది ఆ ఓక్ చెట్టు పక్కన ఉండేది."

డ్రైవరు నా వైపు చూడకుండా పొక్లెయిన్ తిప్పాడు. ఓక్ చెట్టు నుంచి కొలిచిన చోట నాలుగడుగుల లోతులో మట్టి ఒక్కసారిగా నల్లబడింది. వాసన ముందు వచ్చింది, తర్వాత రంగు. నీళ్ళు, ఆకులు, పాత ఇనుము కలిసిన వాసన. అరవై ఏళ్ళ నాటి ఒక వేసవి మూత తీసినట్టు. క్లెమ్ చెయ్యెత్తాడు. "అంతే. ఇంక కిందికి పోకు బాబూ. ఇదే అడుగు." డ్రైవరు అక్కడే ఆపాడు. ఫ్రేయా మోకాళ్ళ మీద కూర్చుని ఆ బురదను రెండు చేతుల్లోకి తీసుకుంది. డెనీస్ వాళ్ళ నాన్న భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. హోమ్‌లో గది వద్దని ఆ మధ్యాహ్నమే ఫోన్ చేసింది.

ఇప్పుడు చివరి గడి. ఇది హాల్లో చెప్పలేదు. క్లెమ్‌కు కూడా చెప్పలేదు.

మీ నాన్న నైజెల్‌కు అప్పుడు మూడేళ్ళు. నేను టీచరు పరీక్షకు చదువుతున్నాను. మే నెల, కుంట గట్టున విల్లో చెట్టు నీడలో కూర్చున్నాను. నైజెల్ తగరపు గ్లాసుతో నీళ్ళు ముంచి పోస్తూ ఆడుతున్నాడు. ఆ చప్పుడు వింటూ చదువుతున్నాను. ఆకుల మీద వెలుతురు కదులుతోంది, తూనీగలు నీలంగా మెరుస్తున్నాయి, పేజీలు వాటంతట అవే తిరుగుతున్నట్టుంది. ఎంతసేపటికో చప్పుడు లేదని తెలిసింది. తలెత్తితే నీళ్ళ మీద టోపీ ఒక్కటే ఉంది.

తీశాను. వాడిని ఎలా తీశానో గుర్తులేదు. పెదవులు నీలంగా ఉన్నాయి. దగ్గాడు, తర్వాత ఏడ్చాడు. ఇంటికి తీసుకుపోయి బట్టలు మార్చి పడుకోబెట్టాను. ఎవరికీ చెప్పలేదు. పుస్తకం చదువుకుంటూ కన్నబిడ్డను చూసుకోలేదని ఎలా చెప్పను? ఆ రాత్రే పేజీ చింపాను. వారం తర్వాత తాతయ్యతో, కుంట కంపు కొడుతోంది, దోమలు, పూడ్చెయ్యండి అన్నాను. ఆయనకు ఆ కుంటంటే ప్రాణం. రోజూ పొద్దున టీ కప్పుతో వెళ్ళి అక్కడ నిలబడేవాడు. నన్ను కాసేపు చూసి, సరే అన్నాడు. కోతలయ్యాక పూడ్చాడు. కారణం ఎప్పుడూ అడగలేదు. నా మాట మీద ప్రాణంలాంటి కుంటను పూడ్చుకున్నాడు, అదీ అబద్ధపు మాట మీద అని నలభై ఆరేళ్ళు ఆయన పక్కన బతికాను. ఆయన పోయి పదకొండేళ్ళయింది.

ఆ గురువారం, పొక్లెయిన్ వెళ్ళిపోయాక, గోతి అడుగున అరచేతి లోతు నీరు ఊరింది. మంచు విడిపోయి అందులో ఆకాశం ఒక ముక్క పడింది. క్లెమ్, నేను ట్రైలర్ అంచున కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతున్నాం.

"లెన్‌కు తెలుసండీ," అన్నాడు క్లెమ్.

"ఏం తెలుసు?"

"బుడ్డోడు నీళ్ళలో పడ్డ సంగతి. నేను ఆ రోజు అవతలి కంచె కొడుతున్నా. మీరు తడిసిన పిల్లాడిని ఎత్తుకుని పరిగెత్తడం చూశా. మధ్యాహ్నం లెన్‌కు చెప్పా."

టీ కప్పు ఎక్కడ పెట్టానో నాకు తెలియదు. "ఏమన్నాడు?"

"ఆవిడ చెబితే వింటా, చెప్పకపోతే అడగను, నువ్వూ అడక్కు అన్నాడు. తర్వాత వారానికి నా దగ్గరకొచ్చి, మా ఆవిడ కుంట కంపంటోందిరా క్లెమ్, కంపే అనుకుందాం అన్నాడు. నవ్వాడు కూడా. బుల్డోజరు దిగబడ్డప్పుడు ఇద్దరం బురదలో కూర్చుని మళ్ళీ నవ్వాం. కళ్ళు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు ఉన్నా."

నేను నీళ్ళ వైపే చూస్తూ కూర్చున్నాను. క్లెమ్ తన బిస్కెట్టులో సగం విరిచి నా పక్కన పెట్టాడు.

వచ్చే ఆదివారం మీ నాన్న వస్తాడు. భోజనమయ్యాక చెబుతాను. పొలానికి తీసుకెళ్ళి చెబుతాను. ఆ తర్వాత వాడు నీకు ఏ సంగతి ఎలా రాసినా, అది వాడి ఇష్టం.

ఒక్క మాట మిగిలింది. ఆ గురువారం పొలం నుంచి బయల్దేరేటప్పుడు డెనీస్ నన్ను కారు దాకా నడిపించింది. మా మాటలు దానికి వినబడినట్టున్నాయి.

"టీచర్, నాన్న చెప్పినవన్నీ మనసులో పెట్టుకోకండి. కుంట సంగతి సరే. కానీ లెన్ అంకుల్ అన్న మాటలంటూ ఎక్కడెక్కడివో కలిపేస్తుంటాడు."

అది కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ రోజు పొద్దున క్లెమ్ నన్ను ఒకసారి పోయిన తన భార్య పేరుతో పిలిచాడు. అదీ రాయాలి, రాయకపోతే ఇది సరైన ఉత్తరం కాదు. లెనార్డ్ లేడు. ఇంకెవరూ చూడలేదు. ఒక్క చీటీ ముక్క లేదు.

"మీ నాన్న ఏదీ కలపలేదు డెనీస్," అన్నాను.

"మీకెలా తెలుసు టీచర్? పుస్తకంలో ఉందా?"

"లేదు," అన్నాను. "ఆయన చెప్పాడు."

ఇట్లు,
తేదీ వేసి జవాబు రాస్తావని ఎదురుచూసే
మీ నానమ్మ,
ఎనిడ్